కదలని వూరు, కదిలే జిల్లా

మా పెదపాడు పుట్టిన దగ్గరనుంచీ వున్నచోటనే వుంది. ఇటు జానెడు గాని అటు జానెడు గాని జరిగిన పాపాన పోలేదు. అయినా గడిచిన నూటఅరవై యేళ్ళలో నాలుగు జిల్లాలు తిరిగింది. కాశీ రామేశ్వరాలు తిరిగిన మా మేనత్తకి కూడా ఇంత యాత్ర లేదు.

ఈ సంగతి నాకు చరిత్ర పుస్తకాల వల్ల తెలియలేదు. మా తాతగారి భోషాణంలోని కాగితాల వల్ల తెలిసింది. అట్టడుగున, చెదలు తినగా మిగిలిన దస్తావేజు మీద మేము గోదావరి జిల్లా ఏలూరు తాలూకా వాళ్ళం. దానిపైన వున్న కట్టలో కృష్ణా జిల్లా వాళ్ళం. మా నాన్నగారి పేర వున్న కాగితాలన్నిటి మీదా పశ్చిమ గోదావరి జిల్లా వాళ్ళం. మొన్న మా మనమడు కాలేజీలో చేరడానికి నింపిన దరఖాస్తులో ఏలూరు జిల్లా వాళ్ళం. పొలం మాత్రం అదే. గట్టు మీది తుమ్మచెట్టు కూడా అదే.

లెక్క చెప్పేస్తాను. ఇంగ్లీషు వాళ్ళు 1859లో జిల్లాలు సర్ది గోదావరి జిల్లా, కృష్ణా జిల్లా అని రెండు చేసినప్పుడు ఏలూరు తాలూకా గోదావరిలో పడింది. 1904లో ఏలూరుని, దానితోపాటు మరికొన్ని తాలూకాలని తీసి కృష్ణాలో కలిపారు. 1925లో మళ్ళీ కృష్ణాలోనుంచి విడదీసి పశ్చిమ గోదావరి అని పేరుపెట్టి, ఏలూరుని దానికి ముఖ్యపట్టణం చేశారు. ఆ యేర్పాటు తొంభైఏడేళ్ళు నిలిచింది. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏలూరు పేరుతోనే కొత్త జిల్లా వచ్చింది. పశ్చిమ గోదావరి అన్న పేరు భీమవరం ముఖ్యపట్టణంగా డెల్టా వూళ్ళకి వెళ్ళిపోయింది. తాడేపల్లిగూడెం కూడా అటే పోయింది.

జిల్లా అంటే ఏమిటి, పేరే కదా అంటారు మీరు. ఆ మాట మా చెల్లెలి దగ్గర అనకండి.

మా చెల్లెల్ని కైకలూరు దగ్గర యిచ్చాం. మాకూ వాళ్ళకీ మధ్య వున్నది కొల్లేరు. మేము ఈ గట్టు, వాళ్ళు ఆ గట్టు. ఆ రోజుల్లో దోనెలో పోయినా, తరవాత బస్సులో పోయినా చూసేది ఒక్కటే నీరు. కాని వాళ్ళది కృష్ణా జిల్లా, మాది పశ్చిమ గోదావరి. మా బావగారికి కలెక్టరుతో పని పడితే గుడివాడలో బండి మారి బందరు వెళ్ళాలి. నాకు పడితే సైకిలెక్కి ఏలూరు వెళ్ళొచ్చేవాణ్ణి. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మవారు వున్నారే, ఆవిడ కూడా కైకలూరు వైపే. ఫాల్గుణ మాసంలో జాతరకి మా వూళ్ళోంచి బయల్దేరిన వాళ్ళు జిల్లా దాటి మొక్కు చెల్లించి వచ్చేవాళ్ళు. అమ్మవారు మాత్రం ఏ జిల్లా నుంచి వచ్చావని ఎవరినీ అడగలేదు.

ఈ హద్దులు గీయడం మొన్నమొన్నటి పని. మా సీమకి అంతకు ముందు ఘనత ఏమీ లేదనుకోకండి. మాకు వుత్తరాన వున్న పెదవేగి ఒకప్పటి వేంగీపురం. సాలంకాయన రాజులు అక్కడినుంచి పరిపాలించారు. చిత్రరథస్వామి వాళ్ళ కులదైవం. ఉత్తరాదిన అలహాబాదు స్తంభం మీద సముద్రగుప్తుడు తాను గెలిచిన రాజుల పేర్లు చెక్కించినప్పుడు వేంగిని యేలే హస్తివర్మ పేరు కూడా అందులో వేయించాడు. అంటే మన వూరి పేరు అంత దూరాన, పదహారు వందల యేళ్ళ క్రితమే రాయికెక్కిందన్నమాట.

ఆ తరవాత బాదామి నుంచి రెండవ పులకేశి వచ్చాడు. ఐహొళెలో క్రీ. శ. 634లో వేయించిన శాసనంలో ఆయన గెలుపులన్నీ వున్నాయి. అందులో కునాల సరస్సు దగ్గర జరిగిన యుద్ధం ఒకటి. నెత్తురుతో సరస్సు నీరు రంగు మారిందని రాశాడు ఆస్థానకవి రవికీర్తి. ఆ కునాలమే మన కొల్లేరని పండితులు చెబుతారు. గెలిచిన సీమని పులకేశి తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడికి అప్పగించాడు. ఆయన వంశమే తూర్పు చాళుక్యులు. రాజధాని తరవాత రాజమహేంద్రవరం వెళ్ళింది. అక్కడే రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయగారు భారతం మొదలుపెట్టారు. ఆ మాట వచ్చేసరికి అందరూ గోదావరి గట్టునే తలుచుకుంటారు. పుట్టిల్లు పెదవేగి అని మేము గుర్తుచేస్తే తప్ప ఎవరికీ తోచదు.

ఇప్పుడు పెదవేగి ఏమిటి? ఒక మండల కేంద్రం. మా పెదపాడూ ఒక మండల కేంద్రమే. రెండూ దెందులూరు శాసనసభ నియోజకవర్గంలోవే. మహారాజులు యేలిన వూరూ, రాజు మొహం చూడని మా వూరూ నేడు ఒకే హోదాలో వున్నాయి. ప్రజాస్వామ్యమంటే ఇదే కాబోలు. పెదవేగికి ఒక్క విశేషం మిగిలింది. పామాయిలు తోటల మీద పరిశోధన చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ అక్కడ వుంది. శాసనాలు దొరికే మట్టిలో ఆయిల్‌పామ్ గెలలు కాస్తున్నాయి.

నవాబుల కాలం వచ్చేసరికి ఏలూరు ఒక సర్కారు అయింది. ఉత్తర సర్కారులని వింటారే, చికాకోలు, రాజమహేంద్రవరం, ఏలూరు, కొండపల్లి, గుంటూరు, ఆ అయిదింటిలో మాది ఒకటి. 1753లో నిజాం సలాబత్ జంగు గుంటూరు తప్ప మిగతా నాలుగు సర్కార్లని బుస్సీ దొరకి, అంటే ఫ్రెంచివాళ్ళకి, సైన్యం ఖర్చుల కింద రాసిచ్చాడు. 1758లో చందుర్తి దగ్గర ఇంగ్లీషు కర్నల్ ఫోర్డు వాళ్ళని ఓడించాడు. మరుసటి సంవత్సరం బందరు కోట పట్టుకున్నాడు. 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానా యిచ్చాడు, 1766లో నిజాం ఒడంబడిక చేసుకున్నాడు, దాంతో సర్కార్లు కంపెనీవారివైపోయాయి. ఒకరిచ్చారు, ఒకరు పుచ్చుకున్నారు, మరొకరు గుంజుకున్నారు. ఈ తతంగంలో ఏలూరు వాళ్ళనెవరూ అడిగినట్టు లేదు. ఆనాటినుంచి మాకు మిగిలిన మంచి వస్తువు తివాచీ. పర్షియానుంచి వచ్చిన నేతగాళ్ళు ఏలూరులో నేర్పారని పెద్దలు చెప్పుకునేవారు.

కంపెనీవారు పెట్టిన అధికారి పేరు కలెక్టరు. ఆ మాటకి అర్థం వసూలుదారు. ఇప్పుడు ఆయన దగ్గరికి పింఛను అడగడానికి, రోడ్డు అడగడానికి, వరదసాయం అడగడానికి పోతున్నాం గాని, పేరులో వున్న పని మాత్రం మన దగ్గర తీసుకోవడం. కంపెనీవారు 1802లో శాశ్వత పైసలా పెట్టి చాలాచోట్ల శిస్తు పని జమీందార్ల మీద పెట్టారు. నూజివీడు జమీందారీ మా పక్కనే వుండేది. 1948లో చట్టం చేసి జమీందారీలు రద్దు చేశారు. 2022లో ఆ నూజివీడు కూడా మా ఏలూరు జిల్లాలోకే వచ్చింది.

ఇంగ్లీషువారి పాలనలో మా అదృష్టాన్ని మార్చింది కలెక్టరు కాదు, కాలవ. 1832–33లో డొక్కల కరువు వచ్చి జనం పిట్టల్లా రాలిపోయారు. ఆ కరువు కథలు మా చిన్నతనంలో కూడా అమ్మమ్మలు చెప్పేవారు. ఆ తరవాతనే కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852లో ముగించాడు. 1855కి బెజవాడ ఆనకట్టా అయింది. ఒకచోటనుంచి గోదావరి కాలవ, మరొకచోటనుంచి కృష్ణ కాలవ వచ్చి రెండూ ఏలూరులో కలుసుకున్నాయి. రెండు మహానదుల నీరు కలిసే వూరు మాది. ఆ కాలవలో పడవలు నడిచిన రోజుల్లో ధాన్యం, కొబ్బరికాయలు, పెళ్ళివారు, నాటకాలవాళ్ళు అన్నీ అందులోనే వచ్చేవని మా నాన్నగారు చెప్పేవారు.

అయితే కాలవలు పారించిన నీరు పొలం తడిసిన తరవాత ఎక్కడికి పోవాలి? పల్లానికి. అంటే కొల్లేటికి. పైనుంచి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు ఎలాగూ దిగుతాయి. వాటికి తోడు డెల్టా మురుగు. ఇంత నీరూ బయటికి పోవడానికి వున్న దారి ఉప్పుటేరు ఒక్కటే. అరవై కిలోమీటర్ల వంకరటింకర ప్రయాణం చేసి సముద్రంలో కలుస్తుంది. ఆ ఉప్పుటేరే రెండు జిల్లాలకి హద్దు. అక్కడే వచ్చింది చిక్కు.

మాకు ముంపు వచ్చినప్పుడల్లా మా వైపు రైతులు, ఆవలి జిల్లావాళ్ళు ఉప్పుటేరులో వలకట్లు వేసి నీటిని ఆపారనేవారు. ఆవలివాళ్ళు, ఈ జిల్లావాళ్ళు కొల్లేటిలో గట్లు పోసి నీటిని మా మీదికి తోశారనేవారు. సంక్రాంతికి మా బావగారు వస్తే అరిసెల దగ్గర మొదలై ఈ వాదం అర్ధరాత్రి దాకా సాగేది. మా చెల్లెలు మధ్యలో కూర్చుని, "అన్నయ్యా, నేనే గట్టు వైపు మాట్లాడను?" అని నవ్వేది. ఒకసారి మురుగుకాలవ పూడిక సంగతి మీద నేను అర్జీ పట్టుకుని ఒక కచేరీకి వెళ్ళాను. ఏ కచేరీ అని పేరెందుకు లెండి. కాగితం చదివిన గుమాస్తాగారు, "పూడిక వున్నది హద్దుకవతల, మా పరిధి కాదు" అన్నాడు. మా బావగారు అదే సంగతి తన వైపు కచేరీలో చెబితే, "నీళ్ళు వస్తున్నది యివతల నుంచి కదా, అక్కడ చెప్పండి" అన్నారట. ఇద్దరు గుమాస్తాలదీ తప్పనలేను. గీత అలా గీసివుంది.

ప్రభుత్వం మాకు బొత్తిగా దూరంగానే వుండిపోయిందని కాదు. నా చిన్నతనంలో సర్కారంటే కరణంగారి అరుగు. అడంగలు ఆయన సంచీలో వుండేది. మునసబుగారు శిస్తు వసూలు చేసేవారు, తలయారి చాటింపు వేసేవాడు. జమాబందీ వచ్చిందంటే వూరంతా సందడి. కరణంగారి మొహం చిట్లితే మన పొలం కొలత కూడా చిట్లుతుందని భయపడేవాళ్ళు. 1984లో ఎన్. టి. రామారావుగారి ప్రభుత్వం కరణం, మునసబుల పదవులు తీసేసింది. 1985లో తాలూకాలు పగలగొట్టి మండలాలు చేసింది. అంతకు ముందు 1959 నుంచి వున్న పంచాయతీ సమితుల స్థానంలో మండల పరిషత్తులు వచ్చాయి. అలా మా పెదపాడు మండల కేంద్రమైంది.

ఆ మార్పు వూరి మొహం మీద స్పష్టంగా కనిపించింది. మండలాఫీసు వచ్చింది. దాని యెదురుగా టీకొట్టు, దాని పక్కన అర్జీలు రాసిపెట్టే అతను, ఆ పక్కన జిరాక్సు మిషను వచ్చాయి. కులధ్రువపత్రం కోసం ఏలూరులో రెండు రోజులు పడిగాపులు కాసిన వాళ్ళు మా వీధిలోనే పని ముగించుకుని అన్నం వేళకి యింటికి చేరేవాళ్ళు. 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ సచివాలయాలు కూడా వచ్చాయి. నన్నడిగితే మా వూరికి జరిగిన పరిపాలన మేలుల్లో మండలమే గొప్పది. ఎవరు పెట్టారన్న పార్టీ లెక్క నాకు లేదు. నడిచి వెళ్ళగలిగినంత దూరంలో వుంటేనే ముసలివాళ్ళకి అది ప్రభుత్వం.

జిల్లా ముఖ్యపట్టణం అవడం వల్ల ఏలూరు బాగుపడిన మాట కూడా ఒప్పుకోవాలి. కోర్టులు వచ్చాయి, వకీళ్ళు వచ్చారు, వాళ్ళ పిల్లలకి చదువులు కావలసి వచ్చాయి. 1945లో కాలేజీ పెట్టి దానికి కట్టమంచి రామలింగారెడ్డిగారి పేరు పెట్టుకున్నారు. మా తరం పల్లెటూరి కుర్రాళ్ళకి సి. ఆర్. రెడ్డి కాలేజీ అంటే మరో లోకానికి వాకిలి. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చింది. పోయినవీ లేకపోలేదు. తాడేపల్లిగూడెంలో 2015లో వచ్చిన ఎన్. ఐ. టి., దాని పక్కన వెంకట్రామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం మా జిల్లావని చెప్పుకునేవాళ్ళం. ఇప్పుడు పక్క జిల్లావని చెప్పుకోవాలి. ఇంకో తమాషా వుంది. 2022లో జిల్లాలు విడిపోయాయి గాని జిల్లా పరిషత్తు మాత్రం పాత వుమ్మడిదిగానే సాగింది. అన్నదమ్ములు వేరుపడి, వంటిల్లు మాత్రం పంచుకోనట్టు.

ఇక కొల్లేటి సంగతి. దానికి యజమానులు చాలామంది. భూమి రెవెన్యూవారిది, కాలవలు నీటిపారుదలవారివి, చేపలు మత్స్యశాఖవారివి. 1970లలో ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులకి భూములిచ్చింది. బీద బెస్తలకి, వడ్డిరాజులకి అన్నం దొరుకుతుందనే మంచి తలంపు. తరవాత డబ్బున్నవాళ్ళు వచ్చారు, గట్లు లేచాయి, సరస్సు సన్నబడింది. 1999లో సముద్రమట్టానికి అయిదో అడుగు కాంటూరు దాకా, అంటే 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించారు. దాంతో అటవీశాఖవారు కూడా యజమానులయ్యారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల పట్టికలోకి ఎక్కింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో చెరువుగట్లు యంత్రాలతో పగలగొట్టారు. అభయారణ్యాన్ని మూడో కాంటూరుకి తగ్గించాలని 2008లో శాసనసభ తీర్మానం చేసింది. అప్పటినుంచీ మా పల్లెల్లో చంటిపిల్లవాడికి కూడా "కాంటూరు" అన్న మాట తెలుసు. అమ్మ, నాన్న, కాంటూరు.

గట్లు కొట్టిన రోజుల్లో నేను రెండు రకాల కన్నీళ్ళు చూశాను. పట్టా వున్న జిరాయితీ భూమి కూడా హద్దులోపల పడిందని యేడ్చిన చిన్నరైతుని చూశాను. ఎన్నేళ్ళకో పైకి తేలిన నీటిని చూసి ముసలి బెస్తవాడొకడు కళ్ళు తుడుచుకోవడం కూడా చూశాను. ఈ ఇద్దరిలో ఎవరి పక్షమని నన్నడగకండి. పక్షులు మాత్రం తిరిగి వచ్చాయి. కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు చెట్లమీద కాపురాలు పెడితే, మా చెల్లెలు చూపించడానికి మా పిల్లల్నందర్నీ తీసుకుపోయింది.

2022లో జిల్లాలు మార్చినప్పుడు పేర్ల మీద, ముఖ్యపట్టణాల మీద పత్రికల్లో చాలా రాశారు. నాకు ముఖ్యమనిపించిన సంగతి మీద రాసినవాళ్ళు తక్కువ. కైకలూరు, మండవల్లి కృష్ణా నుంచి ఏలూరు జిల్లాకి వచ్చాయి. ఆకివీడు వైపు కొంత భీమవరానికి పోయింది గాని, కొల్లేరులో పెద్దభాగం ఒకే కలెక్టరు కిందికి వచ్చింది. తొంభైఏడేళ్ళుగా ఒకరి మీద ఒకరు చెప్పుకున్న రెండు గట్లూ ఒక్క కచేరీకి చేరాయి. ఇక "హద్దుకవతల" అనడానికి చాలాచోట్ల హద్దే లేదు.

అది ఎంతవరకు పనికొస్తుందో 2024 సెప్టెంబరులో కొంచెం తెలిసింది. బుడమేరు పొంగి విజయవాడని ముంచిన సంగతి దేశమంతా చూసింది. ఆ నీరు అక్కడితో ఆగిపోలేదు. దాని దారి కొల్లేటికే. నగరంలో నీళ్ళు తీసిన తరవాత కెమెరాలన్నీ వెళ్ళిపోయాయి, నీళ్ళు మాత్రం మా దగ్గరికి వచ్చాయి. ఏలూరు–కైకలూరు దారి మీదికి ఎక్కాయి. లంక గ్రామాలవాళ్ళు రోజుల తరబడి పడవలమీదే తిరిగారు. మా చెల్లెలు ఫోనులో, "అన్నయ్యా, ఈసారి మీవైపు నుంచి కాదులే, బెజవాడ నుంచి" అంది. ఆ మాటలో ఓదార్పు వుందో ఎత్తిపొడుపు వుందో నాకు తెలియలేదు. బుడమేరు ముంచేదొక జిల్లాలో, చేరేది మా జిల్లాలో. ఎన్ని గీతలు చెరిపి మళ్ళీ గీసినా నీరు ఏదో ఒక గీత దాటే వస్తుంది. అయినా పోయేదారి ఉప్పుటేరు ఒక్కటే కాబట్టి, దాని పూడిక తీయించే మాట ఒక్కచోటనే అడగగలగడం మాకు చిన్న సంగతి కాదు.

ఆ వరద తరవాత మా బావగారూ నేనూ ఒక పని చేశాం. నలభై యేళ్ళు వాదించుకున్న మేమిద్దరం ఒకే కాగితం మీద సంతకాలు పెట్టాం. ఉప్పుటేరు పూడిక, వలకట్లు, మా వైపు మురుగుకాలవలు, అన్నీ వరసగా రాయించాం. పెదపాడు వాళ్ళు పదకొండుమంది, కైకలూరు వైపు వాళ్ళు పద్నాలుగుమంది. ఎవరి పేరు పైన వుండాలని కాసేపు తగాదా అయింది, చివరికి అక్షరక్రమంలో వేశాం. సోమవారం అర్జీల రోజున ఇద్దరం వెళ్ళి వరసలో నిలబడ్డాం. బందరు ప్రయాణం తప్పినందుకు మా బావగారి మొహం కళకళలాడుతోంది. అర్జీ తీసుకుని రసీదు యిచ్చారు. దానిమీద ఒక నంబరు వేశారు.

అప్పటినుంచి ఆ నంబరు ఏమైందో కనుక్కోవడానికి ఆయన వీలున్న సోమవారమల్లా ఏలూరు వస్తున్నాడు. వచ్చినవాడు పెదపాడు రాకుండా పోడు. మా చెల్లెలు కూడా వెంట వస్తుంది. మధ్యాహ్నం మా యింట్లో భోజనం, సాయంత్రం బస్సు. పూడిక ఇంకా తీయలేదు. వచ్చే సోమవారం చేపల పులుసు చేస్తానని మా ఆవిడ అప్పుడే కబురు పంపింది.